సౌండొస్తోంది... మాటే రావట్లేదు!

పోయిన వేసవిలో అమ్మా నాన్నా మియాపూర్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చారు. ఓ శనివారం రాత్రి అందరం కూర్చుని సినిమా పెట్టుకున్నాం. కామెడీ సీనొచ్చింది. నేనూ, అమ్మా, చెల్లీ పడీపడీ నవ్వాం. నాన్నా నవ్వారు. కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. ముందు మా మొహాల వంక చూసి, ఆ తర్వాత నవ్వారు.

మా నాన్న ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లకు పైగా నరసరావుపేట డిపోలోనే. పాత బస్సుల్లో ఇంజన్ డ్రైవర్ సీటు పక్కనే ఉండేది కదా, ఆ మోతలోనే జీవితమంతా గడిచింది. సినిమాలంటే ప్రాణం. డ్యూటీ దిగి, స్నానం చేసి, నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సెకండ్ షోకి తీసుకెళ్లిన మనిషి. అలాంటాయన నాలుగైదేళ్లుగా 'ఈ కాలం సినిమాల్లో ఏముందిరా' అని సగంలోనే లేచి వెళ్లి పడుకుంటుంటే, వయసు మీద పడి ఓపిక తగ్గిందేమో అనుకున్నాం. ఆ రాత్రి దాకా మాకెవరికీ వేరే అనుమానమే రాలేదు.

నేను చేసిన మొదటి పని సాఫ్ట్‌వేర్ వాళ్లందరూ చేసేదే. బోనస్ పడగానే ఆఫర్లో ఓ హోమ్ థియేటర్ కొనేశాను. పెట్టె మీద వెయ్యి వాట్లు అని ఇంతింత అక్షరాలు. ఖాళీగా ఉన్న రెండో బెడ్‌రూమ్‌లో, అదీ పదడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవున్న గదిలో, ఐదు స్పీకర్లు ఎక్కడ చోటుంటే అక్కడ పెట్టేసి, సినిమా వేసి నాన్న వంక చూశాను. హీరో ఎంట్రీకి కిటికీ అద్దాలు అదిరాయి. అరగంట ఓపిక పట్టి ఆయన ఒకే మాటన్నారు.

"సౌండొస్తోందిరా. మాటే రావట్లేదు."

మర్నాటి వారం చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆడియోగ్రామ్ తీశారు. బాస్ శబ్దాలు వినిపించే వైపు గీత బాగానే ఉంది. పైకి వెళ్లేకొద్దీ, ముఖ్యంగా 4000 హెర్ట్జ్ దగ్గర, గీత గుంతలోకి పడిపోయింది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసిన వాళ్ల చెవులు చాలావరకు ఇలాగే దెబ్బతింటాయట. మన మాటల్లో అచ్చుల బలమంతా కింది శబ్దాల్లో ఉంటుంది. క, త, ప, స, చ లాంటి హల్లులు తేలిక. వాటి గుర్తులు ఎక్కువగా పైశబ్దాల్లోనే ఉంటాయి. అంటే 'పాలు' అన్నా 'కాలు' అన్నా మా నాన్నకి వినపడేది 'ఆలు'. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలీదు. దాని మీద వెయ్యి వాట్ల బాస్ కుమ్మరిస్తే ఉన్న కాస్త మాటా మునిగిపోతుంది. నేను చేసింది సరిగ్గా అదే.

మిషన్ పెట్టుకోమని డాక్టర్ చెప్పారు. నాన్న ససేమిరా అన్నారు. "నాకేం అరవై దాటి రెండేళ్లే అయింది, అప్పుడే చెవిలో మిషనేంటి?" ఇంకో మాట అంటే ఊరికి బయల్దేరేలా ఉన్నారు. సరే, చెవి సంగతి తర్వాత చూద్దాం, ముందు గది సంగతి నా చేతిలో ఉంది కదా అనుకున్నాను.

చదివింది ఈసీఈ. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్ ఎలా గట్టెక్కానో నాకూ, దేవుడికే తెలుసు. ఇన్నాళ్లకి ఆ పుస్తకం తెరిచాను.

వాట్ల గోల ముందు వదిలించుకున్నాను. యాభై వాట్లని వంద చేస్తే పెరిగేది మూడు డెసిబుల్స్. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు పది డెసిబుల్స్ పెరగాలి, దానికి పదింతలు పవర్ కావాలి. పదకొండడుగుల గదిలో వెయ్యి వాట్లతో చేసుకునేదేమీ లేదు. పెట్టె సెట్టుని సగం ధరకి అమ్మేసి, సెకండ్ హ్యాండ్‌లో ఓ రిసీవరు, మామూలు సైజు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, చిన్న సబ్‌వూఫర్ తెచ్చాను. పాతవీ కొత్తవీ కలిపి మొత్తం 65 వేల దాకా అయింది.

5.1 అంటే ముందు మూడు స్పీకర్లు, పక్కల రెండు, ఆ చివరి '.1' బాస్ కోసం సబ్‌వూఫరు. ఇందులో సినిమా డైలాగులన్నీ దాదాపుగా ముందున్న మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. సినిమా హాల్లో తెరకి సన్నసన్నని రంధ్రాలుంటాయి, మధ్య స్పీకర్ దాని వెనకే దాక్కుని ఉంటుంది. అందుకే మాట నటుడి నోట్లోంచే వస్తున్నట్టుంటుంది. ఇంట్లో మనం ఆ ముఖ్యమైన స్పీకర్ని టీవీ స్టాండ్ కింది అరలో, సెటాప్ బాక్స్ వెనక కుక్కుతాం. అర నాలుగు గోడలకీ కొట్టుకుని, మాట డబ్బాలోంచి వచ్చినట్టు వస్తుంది. దాన్ని పై అరలో అంచు దాకా లాగి, ముందు భాగం కాస్త పైకి లేచేలా కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి, సోఫాలో కూర్చున్న నాన్న చెవి వైపు గురిపెట్టాను. పైసా ఖర్చు లేదు. సగం తేడా అక్కడే వచ్చింది.

ఇక్కడో సిగ్గుమాలిన విషయం చెప్పాలి. ఇంత చేసినా మాట మధ్య నుంచి రావడం లేదని రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. తీరా చూస్తే టీవీ సెట్టింగ్స్‌లో సౌండ్ అవుట్‌పుట్ 'పీసీఎం' అని ఉంది. అలా ఉంటే మా టీవీ రిసీవర్‌కి రెండు చానెళ్ల స్టీరియోనే పంపుతోంది. దాన్ని 'పాస్‌త్రూ'కి మార్చి, యాప్‌లో ఆడియో 5.1 అని ఎంచుకున్నాకే మధ్య స్పీకర్ నోరు విప్పింది. మీ ఇంట్లో సెట్టుంటే ఇవాళే ఓసారి చూసుకోండి. నాలాంటి వాళ్లు చాలామందే ఉంటారని నా గట్టి నమ్మకం.

ఎడమ, కుడి స్పీకర్ల మధ్య ఆరున్నర అడుగులు, అక్కడి నుంచి సోఫాకి ఏడడుగులు పెట్టాను. కూర్చున్న చోటు నుంచి చూస్తే ఒక్కోటి మధ్యకి 25 డిగ్రీల పక్కగా వస్తుంది. 22 నుంచి 30 మధ్య ఉంటే చాలంటారు. పక్క స్పీకర్లు మన భుజాలకి కాస్త వెనగ్గా, 110 డిగ్రీల దగ్గర, చెవి కన్నా ఓ అడుగు ఎత్తున ఉండాలి. కుడివైపు గోడకి మేకు కొట్టాం. ఎడమవైపు తలుపు అడ్డం, అందుకని స్టాండ్ మీద నిలబెట్టాం. అది ఓ అడుగున్నర దూరం ఎక్కువైంది. ఫర్వాలేదు, టేపుతో కొలిచి దూరాలు రిసీవర్‌కి చెబితే, శబ్దం ఒక అడుగు నడవడానికి మిల్లీ సెకనుకి కాస్త తక్కువ పడుతుంది కాబట్టి, ఆ లెక్కన దగ్గరున్నదాన్ని ఆపి వదులుతుంది.

అసలు కష్టమంతా గదితోనే. చప్పట్లు కొడితే 'ట్రింగ్' మని మోగింది. ఉత్త గోడలు, నేల మీద నున్నటి టైల్స్. స్పీకర్ నుంచి నేరుగా వచ్చే మాట వెనకే, గోడకి తగిలి వచ్చే మాట కొద్ది మిల్లీ సెకన్ల తేడాలో చెవిలో పడి అక్షరాలని అలికేస్తుంది. నాకూ మీకూ అది తెలియకపోవచ్చు. నాన్నకి అదే ఆఖరి దెబ్బ.

దీనికి అద్దం ఉపాయం ఉంది. నేను సోఫాలో కూర్చున్నాను. అమ్మ దువ్వుకునే అద్దాన్ని గోడకి ఆనించి జరుపుకుంటూ వెళ్లింది. ఎక్కడ అద్దంలో స్పీకర్ కనపడితే అక్కడ పెన్సిల్ గీత. అక్కడే శబ్దం తగిలి వచ్చేది. రెండు పక్కలా ఆ చోట రెండంగుళాల రాక్‌వూల్ పలకలు చెక్క ఫ్రేముల్లో బిగించాం. రాక్‌వూల్ పట్టుకునేటప్పుడు గ్లవుజులు, మాస్కు తప్పనిసరి, లేదంటే రెండు రోజులు దురద. పైన చుట్టే గుడ్డ ఎలాంటిదైనా, నోటితో ఊదితే గాలి అటు వెళ్లాలి. అమ్మ తన పాత మంగళగిరి చీరలు రెండిచ్చింది. ఫ్రెండ్స్ ఇప్పుడు గదిలోకి రాగానే అడిగేది స్పీకర్ల గురించి కాదు, గోడ మీది ఆ జరీ అంచు గురించి. నేల మీద మాత్రం కార్పెట్ కొనలేదు. అమ్మమ్మ కుట్టిన బొంత పరిచాం. కోడిగుడ్ల అట్టలు అంటించమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. అవి గట్టి పైశబ్దాల్ని కాస్త చెదరగొడతాయేమో గానీ, బాస్‌ని తాకను కూడా తాకవు. పైగా బొద్దింకలకి విందు.

బాస్ సంగతి ఇంకో తంటా. శబ్దం వేగాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే, ఆ గది ఏ సుర దగ్గర మోగుతుందో వస్తుంది. మా గది పొడవుకి 51 హెర్ట్జ్, వెడల్పుకి 56, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తుకి 59. మూడూ ఒక్కచోటే గుమిగూడాయి. చిన్న గదుల జబ్బు ఇదే, ముఖ్యంగా పొడవూ వెడల్పూ దాదాపు ఒకటే అయినప్పుడు. గోడకి ఆనుకుని కూర్చుంటే ఆ మోత రెండింతలు. అందుకే సోఫాని వెనక గోడ నుంచి రెండున్నర అడుగులు ముందుకి లాగాం. సబ్‌వూఫర్‌కి చోటు వెతకడానికి, దాన్ని సోఫాలో కూర్చోబెట్టి, బాస్ పాట వేసి, నేను నేల మీద మోకాళ్ల మీద పాకాలి. ఎక్కడ చెవికి సమానంగా వినపడితే అక్కడ పెట్టాలి. సరిగ్గా అప్పుడే అమ్మ కాఫీ పట్టుకొచ్చింది.

"ఏం పోగొట్టుకున్నావురా?"

చివరికి మైకుతో లెవెల్స్ సరిచేసుకుని (ఫ్యాన్ ఆపడం మర్చిపోవద్దు, నేను మొదటిసారి మర్చిపోయాను), మధ్య స్పీకర్ని మాత్రం మూడు డెసిబుల్స్ పెంచాను. స్పీకర్లన్నిటికీ 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్‌వూఫర్‌కే వదిలేశాను. కింది ఫ్లాట్ ఆంటీ 'రాత్రుళ్లు ఏదో గుడగుడమంటోంది బాబూ' అన్నాక దాని కింద మందపాటి ఫోమ్ పెట్టి, తొమ్మిది దాటితే నైట్ మోడ్ వేస్తున్నాను. అది పెద్ద శబ్దాల్ని తగ్గించి చిన్నవాటిని పైకి తెస్తుంది. నాన్నకి అదే బావుందని ఇప్పుడు పగలు కూడా అందులోనే ఉంచుతున్నాం.

మొదటి రోజు వర్షం సీనొచ్చింది. వెనక స్పీకర్లలో చినుకులు మొదలవగానే అమ్మ లేచి బాల్కనీలోకి పరుగెత్తింది, ఆరేసిన బట్టలు తీయడానికి. నాకు పట్టరాని ఆనందం. నాన్న మాత్రం చలించలేదు. ఆ చినుకులు ఆయన చెవి దాకా రావని నాకు అప్పుడు తట్టింది. ఇన్ని కోణాలూ, కొలతలూ ఎవరి కోసమని చేశానో వాళ్లకి అందులో సగం అందదు.

ఆ ఆదివారం ఆయనే అడిగి 'మాయాబజార్' పెట్టించుకున్నారు. రంగులేసినది కాదు, 1957 నాటి నలుపు తెలుపుదే. అది మోనో. రిసీవర్ మొత్తం సౌండ్‌ని తీసుకెళ్లి మధ్య స్పీకర్‌లో పెట్టింది. ఎడమా కుడీ, పక్కలా వెనకా, సబ్‌వూఫరూ అన్నీ దాదాపు మౌనం. మా 65 వేల సెట్లో పలికింది ఒక్కటే స్పీకర్. నాన్న మూడు గంటలూ కదల్లేదు. ఘటోత్కచుడి డైలాగులు ముందే గుర్తుండటం వల్లో, అప్పటి నటులు అక్షరం అక్షరం పలకడం వల్లో, లేదా ఆ ఒక్క స్పీకర్ వల్లో తెలీదు గానీ, ఈసారి మాకంటే ముందు నవ్వారు.

ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. గది చెవికి మందు కాదు. ఫోన్లో చెల్లెలు మాట్లాడితే నాన్నకి ఇప్పటికీ సగమే అందుతుంది. ఆ మాటే మళ్లీ కదిపితే ఈసారి కోప్పడలేదు. "ఆ మిషన్ పెట్టుకుంటే నీ వర్షం వినపడుతుందంటావా?" అన్నారు. వచ్చే శనివారం ట్రయల్‌కి రమ్మన్నారు.

సోఫా కాళ్ల దగ్గర నేల మీద తెల్ల టేపు అంటించాను. అమ్మ ఊడ్చేటప్పుడు దాన్ని గోడకి జరిపేస్తుంది. సాయంత్రం నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఎవరో దాన్ని మళ్లీ టేపు మీదకి లాగి ఉంటారు. రోజూ.