చిన్న గదికి తగిన హోమ్ థియేటర్ : ఎంపిక ఎట్లు?

గోల్కొండ కోటను సందర్శించువారు ఫతే దర్వాజా గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు చరచి చూచుట పరిపాటి. ఆ శబ్దము సుమారు ఒక కిలోమీటరు దూరమున, కొండపైనున్న బాలా హిస్సార్ వద్ద వినబడునని ప్రసిద్ధి. అచ్చట యాంప్లిఫైయరు లేదు, స్పీకరు లేదు. ఉన్నదెల్ల గోడల అమరికయే. ధ్వనిని పుట్టించు వస్తువు ఎంత ముఖ్యమో, ఆ ధ్వని సంచరించు ఆవరణము కూడ అంతే ముఖ్యమను సత్యమును ఆ కట్టడము శతాబ్దములుగా బోధించుచున్నది.

నేడు మధ్యతరగతి గృహములలో సైతము పెద్ద టెలివిజన్ తెరలు వెలసినవి. వాటి వెంట హోమ్ థియేటర్ అను ధ్వని సాధనము కూడ ప్రవేశించుచున్నది. అయితే మన ఇండ్లలో దానికి లభించు స్థలమెంత? పది అడుగుల వెడల్పు, పండ్రెండు అడుగుల పొడవు గల ఒకే గది పగలు అతిథులను కూర్చుండబెట్టు హాలుగా, సాయంకాలము పిల్లలు చదువుకొను చోటుగా, రాత్రి పడక గదిగా ఉపయోగపడుచున్నది. అట్టి గదికి ఎట్టి సాధనము తగును? గదిని చూచి సాధనమును ఎన్నుకొనవలెను గాని, ప్రకటనను చూచి ఎన్నుకొనరాదనుటయే ఈ వ్యాసము యొక్క సారాంశము.

అసలు అవసరమేమి?

పాత కాలపు టెలివిజన్ పెట్టెలలో స్పీకరు ముందువైపునకు ఉండుటకు చోటు ఉండెడిది. నేటి తెరలు పలుచనైనవి. అందుచేత చాలా వాటిలో చిన్న స్పీకర్లు క్రిందికో వెనుకకో తిరిగి యుండును. శబ్దము గోడకు తగిలి మన చెవిని చేరును. ఫలితముగా పాట, పోరాటము బిగ్గరగా వినవచ్చును గాని మాట స్పష్టముగా వినబడదు. ఇంటిలోని వృద్ధులు మాట అర్థము కాక శబ్దమును పెంచుదురు. మరుక్షణమే పాట వచ్చి గది దద్దరిల్లును. ప్రక్కన చదువుకొనుచున్న పిల్లవాడు పుస్తకము మూయును. కావున చిన్న గదిలో మనకు మొదట కావలసినది భూమి కంపించు ధ్వని కాదు, తక్కువ శబ్దములోనే తెలియు మాట.

మాటలోని స్పష్టత హల్లులను ఆశ్రయించి యున్నది. తెలుగునందలి స, శ, ష అను అక్షరముల భేదమును, ఉర్దూలో ఫూలు అను అర్థము గల 'గుల్'కును, కోలాహలము అను అర్థము గల 'గుల్'కును మధ్య గల గొంతు భేదమును వినిపింపలేని యంత్రము ఎంత గంభీరముగా మ్రోగినను ప్రయోజనము లేదు. ఈ హల్లులను గుర్తింపజేయు సూక్ష్మ ధ్వనులలో అధిక భాగము వెయ్యి హెర్ట్జ్‌లకు పైబడిన పౌనఃపున్యములలో ఉండును. బేస్ అని మనము పిలుచు మంద్ర ధ్వని వాటిని కప్పివేయుటయే మాట తెలియకపోవుటకు ఒక ముఖ్య కారణము.

గది స్వభావము

1895 ప్రాంతమున అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమునందు ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరములో ఉపన్యాసకుని మాట ప్రతిధ్వనులలో కలిసిపోయి ఎవరికిని అర్థము కాకుండెను. ఆ లోపమును సరిదిద్దు పని వాలెస్ సబీన్ అను యువ భౌతికశాస్త్ర అధ్యాపకునకు అప్పగింపబడెను. ఆయన మరియొక నాటకశాల నుండి కుర్చీల మెత్తలను తెప్పించి, నిశ్శబ్దమైన రాత్రివేళ వాటిని మందిరమున పరచుచు, శబ్దము అణగుటకు పట్టు కాలమును కొలిచెను. ఆ పరిశోధన నుండి ఒక సులభ సూత్రము పుట్టినది. గది ఘనపరిమాణమును 0.161 చే గుణించి, గదిలోని వస్తువులు శబ్దమును పీల్చుకొను శక్తిచే భాగించినచో ప్రతిధ్వని నిలుచు కాలము సెకనులలో వచ్చును.

ఈ సూత్రమును మన గదికి అన్వయింతము. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గది ఘనపరిమాణము సుమారు 34 ఘనపు మీటర్లు. సిమెంటు గోడలు, బండల నేల తప్ప మరేమియు లేనప్పుడు పీల్చుకొను శక్తి 2 చదరపు మీటర్లు అనుకొన్నచో, ప్రతిధ్వని సుమారు 2.7 సెకనులు నిలుచును. మంచముపై పరుపు, నేలపై జంపఖానా, కిటికీలకు మందపు తెరలు, గోడకు పుస్తకముల బీరువా చేర్చి ఆ శక్తిని 10 చదరపు మీటర్లకు పెంచినచో, అది అర సెకనుకు కొంచెము మించి యుండును. అనగా కొత్త యంత్రము కొనక మునుపే, ఇంటిలోనున్న పరుపును, తెరలను చక్కగా అమర్చుట చేతనే మాట స్పష్టత ఎంతయో మెరుగుపడును.

మంద్ర ధ్వని సంగతి వేరు. అది తెరలకు లొంగదు. సాధారణ ఉష్ణోగ్రతలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పయనించును. ఆ వేగమును ఎదురెదురు గోడల దూరమునకు రెట్టింపుచే భాగించినచో, ఆ గోడల మధ్య ఏ పౌనఃపున్యము నిలిచి మ్రోగునో తెలియును. 12 అడుగుల పొడవునకు అది సుమారు 47 హెర్ట్జ్, 10 అడుగుల వెడల్పునకు సుమారు 57 హెర్ట్జ్. ఎత్తు కూడ 10 అడుగులే యైనచో ఆ 57 హెర్ట్జ్ ధ్వని ఇబ్బడియై 'బుం' అని నిలిచిపోవును. గోడల చెంత ఈ మ్రోత అత్యధికము, గది నడుమ అత్యల్పము. మన ఇండ్లలో దివాన్ గాని మంచము గాని వెనుక గోడకు ఆనించి వేయుట ఆచారము. అచ్చట కూర్చున్నవారికి మంద్రము మితిమీరి వినబడును. ఆసనమును గోడ నుండి ఒకటిన్నర రెండడుగులు ముందుకు జరిపినచో భేదము తెలియును.

వాట్ల మాయ

అంగడిలో పెట్టెపై వేల వాట్లు ముద్రింపబడి యుండుట చూచి మోసపోరాదు. పి.ఎమ్.పి.ఓ. అను పేరున వ్రాయు అంకెకు నిర్దిష్టమైన కొలమానము లేదు. ఆర్.ఎమ్.ఎస్. అను పేరున చూపబడునదియే నిరంతరముగా ఇయ్యగల శక్తికి సూచిక. ఇట్టి అతిశయోక్తులను అరికట్టుటకై అమెరికా ప్రభుత్వపు వాణిజ్య సంఘము 1974లోనే యాంప్లిఫైయర్ల శక్తిని ప్రకటించు విధమును గూర్చి నియమమును చేసినది.

మన గదికి ఎన్ని వాట్లు చాలును? సామాన్యమైన చిన్న స్పీకరు ఒక వాటు శక్తితో ఒక మీటరు దూరమున సుమారు 86 డెసిబెల్స్ ధ్వని నిచ్చును. మనుష్యుల సంభాషణ 60 డెసిబెల్స్ ప్రాంతమున ఉండును. దూరము రెట్టింపైనచో ఆరుబయట 6 డెసిబెల్స్ తగ్గును. గదిలో గోడల సాయముచే అంతకంటె తక్కువే తగ్గును. అనగా రెండు మూడు మీటర్ల దూరమున కూర్చున్నవారికి ఒక్క వాటుతోనే ధారాళముగా వినవచ్చును. శక్తిని రెట్టింపు చేసినచో పెరుగునది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు బిగ్గరగా తోచుటకు సుమారు 10 డెసిబెల్స్, అనగా పది రెట్ల శక్తి కావలెను. హఠాత్తుగా వచ్చు పెద్ద ధ్వనులకు కొంత మిగులు ఉంచుకొన్నను, ఒక్కొక్క స్పీకరుకు 20 నుండి 30 వరకు నిజమైన వాట్లు చిన్న గదికి చాలును. అంతకు మించి వెచ్చించు ధనము గోడలను అదరగొట్టుటకే గాని వినికిడికి కాదు.

అంకెల అర్థము

2.1, 3.1, 5.1 అను గుర్తులలో మొదటి అంకె ప్రధాన ధ్వని మార్గముల సంఖ్య. చుక్క తరువాతి ఒకటి మంద్ర ధ్వనికై ప్రత్యేకించిన సబ్‌వూఫర్‌ను తెలుపును. 5.1లో కుడి, ఎడమ, మధ్య, ప్రక్కల రెండు కలిసి ఐదు స్పీకర్లు. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డి.టి.ఎస్. సినిమాశాలలలో ప్రవేశించి ఈ పద్ధతిని వ్యాపింపజేసినవి. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పైకప్పు నుండి కూడ ధ్వని వచ్చునట్టి భ్రాంతిని కలిగించుచున్నది.

వీటిలో చలనచిత్ర సంభాషణకు ప్రధాన నిలయము మధ్య స్పీకరు. మాటలు వినుటయే మన మొదటి అవసరమైనప్పుడు, వెనుక రెండు స్పీకర్లు ఉండుటకంటె మంచి మధ్య స్పీకరు ఉండుట మేలు. పైగా ప్రక్క స్పీకర్లు శ్రోతకు ఇరుప్రక్కల, కొంచెము వెనుకగా ఉండవలెను. వెనుక గోడకు ఆని కూర్చున్నవారికి వెనుక చోటెక్కడ? చెవికి అడుగు దూరములో వ్రేలాడు స్పీకరు సినిమాను ఆనందింపనీయదు. అట్లే అట్మాస్ సౌండ్ బార్ ధ్వనిని పైకి విసరి కప్పు నుండి తిరిగి వచ్చునట్లు చేయును. దానికి సమతలమైన గట్టి కప్పు కావలెను. ఏటవాలు రేకుల ఇంటిలోను, పెంకుటింటిలోను ఆ ఏర్పాటు నిష్ప్రయోజనము.

ఏది కొనవలెను?

చిన్న గదికి మూడు మార్గములు కలవు. మొదటిది, యాంప్లిఫైయరు తనలోనే గల రెండు మంచి స్పీకర్ల జత. గజళ్ళు, కర్ణాటక సంగీతము, పాత పాటలు ఎక్కువగా వినువారికి ఇది ఉత్తమము. రెండవది, మధ్య మార్గము ప్రత్యేకముగా గల 3.1 సౌండ్ బార్. సినిమాలు, వార్తలు ఎక్కువగా చూచు కుటుంబమునకు ఇది తగినది; తీగలు తక్కువ, చోటు తక్కువ. మూడవది, రిసీవరుతో కూడిన 5.1 సాధనము. ఆసనము వెనుక కనీసము మూడు నాలుగడుగుల ఖాళీ ఉన్నవారే దీనిని ఆలోచింపవలెను. ఈ రిసీవరు వేడెక్కును; మూసిన బీరువాలో పెట్టరాదు.

టెలివిజన్‌తో కలుపుటకు హెచ్.డి.ఎమ్.ఐ. ఏ.ఆర్.సి. అను రంధ్రము రెండు వైపుల ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను. బ్లూటూత్ ద్వారా కలిపినచో ధ్వని కొంత ఆలస్యముగా చేరి, పెదవి కదలికకును మాటకును పొత్తు కుదరకపోవచ్చును.

దుకాణమున పరీక్ష

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి అంగళ్ళలో పలు యంత్రములను ఒకే చోట వినవచ్చును. రెండు యంత్రములను పోల్చునప్పుడు శబ్దము సమానముగా ఉంచుమని కోరవలెను. కొంచెము బిగ్గరగా మ్రోగునది ఎల్లప్పుడు మేలైనదిగా తోచుట చెవి యొక్క బలహీనత. దుకాణదారుడు వినిపించు పేలుడు దృశ్యములకు బదులు, వార్తలు చదువు కంఠమును, తాము బాగుగా ఎరిగిన ఒక పాటను వినిపింపుమని అడుగవలెను. శబ్దమును బాగుగా తగ్గించి, మాట అప్పటికిని తెలియుచున్నదా అని చూడవలెను. ఇదియే నిజమైన పరీక్ష.

ఇంటికి తెచ్చిన పిమ్మట సబ్‌వూఫర్‌ను మూలకు తోయరాదు. మూలలో మంద్రము వికృతముగా పెరుగును. దానిని తాత్కాలికముగా ఆసనముపై ఉంచి, ఒక పాట పెట్టి, గది అంచుల వెంబడి వంగి నడచుచు వినవలెను. మంద్రము ఎచ్చట సమముగా వినబడునో, అచ్చటనే దానిని స్థాపింపవలెను. కుడి ఎడమ స్పీకర్లు శ్రోతతో సమబాహు త్రిభుజముగా, చెవి ఎత్తున ఉండవలెను.

చెవి, పొరుగు

ఒకే గోడను పంచుకొను ఇండ్లలో మనము వినునది మన సొంతము మాత్రమే కాదు. హెచ్చు స్థాయి ధ్వనులను ఇటుక గోడ చాలవరకు ఆపును. మంద్ర ధ్వనిని ఆపలేదు. ఆ గోడ కావల పరీక్షకు చదువు విద్యార్థి ఉండవచ్చును, జ్వరముతో పడియున్న పసిబిడ్డ ఉండవచ్చును. మన దేశమున 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితిని విధించి, రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు రాత్రిగా నిర్ణయించినవి. శబ్దము తగ్గించినప్పుడు చెవికి మంద్రము మరింత తగ్గినట్లు తోచునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో నిరూపించిరి. అందుచేత రాత్రి మంద్రమును పెంచవలెనను కోరిక కలుగుట సహజము, దానిని అణచుకొనవలెను. అనేక యంత్రములలో నైట్ మోడ్ అను సదుపాయము కలదు. అది పెద్ద ధ్వనిని తగ్గించి చిన్న మాటను పైకెత్తును. కొనుటకు ముందు అది ఉన్నదో లేదో విచారింపవలెను.

మన చెవులకును హద్దు కలదు. వారమునకు 40 గంటల పాటు 80 డెసిబెల్స్ మించకుండ వినుట క్షేమకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. లోపలి చెవిలోని సూక్ష్మ రోమ కణములు ఒకమారు నశించినచో తిరిగి పుట్టవు.

కళాశాలలలో చిన్న దృశ్య శ్రవణ గదిని ఏర్పరుపదలచు సంఘములవారికి కూడ ఈ సూత్రములే వర్తించును. నిధులలో కొంత భాగమును మొదట తెరలకును, నేలపై పరుపునకును కేటాయించి, మిగిలిన ధనముతో మాటను స్పష్టముగా వినిపించు సాధనమును కొనుట వివేకము. చివరి బల్లపై కూర్చున్న విద్యార్థికి ప్రతి హల్లు చేరినప్పుడే అట్టి గది సార్థకమగును.

విద్యార్థులు తరగతిలో నేర్చు పౌనఃపున్యము, డెసిబెల్, ప్రతిధ్వని అను పదములు పరీక్షతో ముగియునవి కావు. ఇంటి పెద్దలు కూడబెట్టిన ధనము అంగడిలో వ్యర్థము కాకుండ కాపాడునవి అవియే. ఒక టేపు తీసుకొని తమ గదిని కొలిచి, ఆ అంకెలను కాగితముపై వ్రాసికొని దుకాణమునకు వెళ్ళు విద్యార్థిని, వేల వాట్ల ప్రకటన ఏదియు భ్రమింపజేయజాలదు.