పొగ రంగు చెప్పే సంగతులు

పార్కుల్లో, క్రికెట్ మైదానాల్లో పచ్చిక కోసే యంత్రాన్ని మీరు చూసే ఉంటారు. తోటమాలి తాడు లాగగానే పెట్రోలు ఇంజను పనిచెయ్యడం మొదలుపెడుతుంది. అడుగున ఉన్న కత్తి గిర్రున తిరుగుతూ గడ్డిని ఒకే ఎత్తున కోసుకుపోతుంది. ఇంజను బాగున్నంత కాలం గొట్టం నుంచి పొగ దాదాపు కనిపించదు. ఒక్కోసారి మాత్రం నల్లగానో, నీలంగానో, తెల్లగానో గుప్పున వస్తుంది. ఇంజను పాడైపోయిందని కంగారు పడనక్కరలేదు. వైద్యుడు నాలుక చూసి జబ్బు పోల్చినట్లు, పొగ రంగు చూసి లోపల ఏం జరుగుతోందో చాలావరకు చెప్పవచ్చు. ఎలాగో చూద్దాం.

మంచి ఇంజను పొగ ఎందుకు కనిపించదు?

1876లో జర్మనీలో నికొలస్ ఒట్టో తయారుచేసిన ఇంజను మాదిరిగానే, ఈ యంత్రాల్లో చాలావాటికి నాలుగు స్ట్రోకుల ఇంజను ఉంటుంది. పిస్టను గాలినీ పెట్రోలు ఆవిరినీ సిలిండరులోకి పీలుస్తుంది, నొక్కుతుంది. స్పార్కు ప్లగ్గు వాటిని మండిస్తుంది. మిగిలిన వాయువులను పిస్టను బయటికి నెడుతుంది.

పెట్రోలులో ముఖ్యంగా ఉండేవి కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాలు. వాటిలో ఆక్టేన్ ఒకటి. రెండు ఆక్టేన్ అణువులు పూర్తిగా మండాలంటే 25 ఆక్సిజన్ అణువులు కావాలి. అప్పుడు 16 కార్బన్ డయాక్సైడ్ అణువులూ, 18 నీటి అణువులూ ఏర్పడతాయి. కార్బన్ డయాక్సైడ్‌కు గాని, నీటి ఆవిరికి గాని రంగు లేదు. అందుకే పొగ కనిపించదు. ఒక గ్రాము పెట్రోలు ఇలా మండడానికి దాదాపు 15 గ్రాముల గాలి కావాలి. ఈ పాళ్ళు చూసుకునేది కార్బురేటరు.

నల్ల పొగ: గాలి చాలలేదు

ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. వెలుగుతున్న కొవ్వొత్తి మంట మధ్యలో స్టీలు గరిటెను రెండు క్షణాలు ఉంచి తియ్యండి. దాని మీద మసి పడుతుంది. మంట మధ్యభాగానికి చాలినంత ఆక్సిజన్ అందక మండకుండా మిగిలిన కార్బనే ఆ మసి. ఇంజను నుంచి వచ్చే నల్ల పొగ కూడా ఇదే.

కాబట్టి గాలి ఎక్కడ ఆగిపోయిందో వెతకాలి. మొదట చూడవలసింది గాలి ఫిల్టరు. గడ్డి పొట్టు, దుమ్ము పట్టి అది మూసుకుపోతే సిలిండరులోకి గాలి తగ్గుతుంది. రెండోది చోకు. చల్లగా ఉన్న ఇంజను అందుకోవడానికి చోకు మూసి, గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచుతారు. ఇంజను వేడెక్కాక దాన్ని తెరవకపోతే నల్ల పొగ తప్పదు. ఈ రెండూ సరిగా ఉంటే కార్బురేటరును పరీక్షించాలి.

నీలి పొగ: నూనె మండుతోంది

పిస్టను అరిగిపోకుండా క్రాంకు పెట్టెలో కందెన నూనె ఉంటుంది. చిన్న యంత్రాల్లో అది సుమారు అరలీటరు. పిస్టను చుట్టూ ఉన్న రింగులు ఆ నూనెను మంట దగ్గరకు రాకుండా ఆపుతాయి. అది ఎలాగో సిలిండరులోకి చేరితే సగం కాలి, సగం ఆవిరై, సన్నని తుంపరలుగా బయటికి వస్తుంది.

నూనె నీలంగా ఉండదు కదా, పొగ నీలంగా ఎందుకుంది? చాలా సన్నని తుంపరలు ఎరుపు కాంతికన్నా నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. అగరుబత్తి పొగను నల్లని గుడ్డ ముందు ఉంచి చూడండి, నీలి ఛాయ కనిపిస్తుంది. తుంపరలు పెద్దవైతే అన్ని రంగులనూ సమానంగా చెదరగొడతాయి. అప్పుడు పొగ తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి తెల్ల పొగ కూడా నూనెదే కావచ్చు. చలి ఉదయాన ఇంజను మొదలుపెట్టగానే కనిపించే తెలుపు మాత్రం నీటి ఆవిరి చల్లబడి ఏర్పడిన తుంపరే. అది గాలిలో వెంటనే మాయమవుతుంది. నూనె పొగ అలా మాయం కాదు, మాడు వాసన వేస్తుంది.

నూనె లోపలికి ఎలా చేరింది? కత్తికి అంటిన గడ్డిని గీకడానికి యంత్రాన్ని పక్కకు వంచారేమో అడగండి. గాలి ఫిల్టరు కిందికి వచ్చేలా వంచితే నూనె ఫిల్టరులోకీ, సిలిండరులోకీ పారుతుంది. అది కాస్తా కాలిపోయాక కొద్ది నిమిషాల్లో పొగ ఆగిపోతుంది. వంచేటప్పుడు ఫిల్టరు వైపు పైకి ఉండాలి. ఇక, యంత్రాన్ని సమతలం మీద నిలిపి, ఇంజను ఆపి, నూనె గుర్తుకు మించి ఉందేమో చూడాలి. ఎక్కువైతే తియ్యాలి. ఇవేవీ కాకుండా పొగ రోజూ వస్తూ ఉంటే రింగులు అరిగి ఉండవచ్చు. అది మెకానిక్కు పని. రెండు స్ట్రోకుల ఇంజనులో మాత్రం పెట్రోలులోనే నూనె కలుపుతారు కనుక కొంచెం నీలి పొగ సహజమే.

కనిపించని ప్రమాదం

గాలి చాలనప్పుడు మసి ఒక్కటే పుట్టదు. కొంత కార్బన్ సగమే మండి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. శరీరానికి ఆక్సిజన్ అందక తలనొప్పి, తల తిరుగుడు మొదలై, చివరకు ప్రాణం పోవచ్చు. నల్ల పొగ వచ్చినప్పుడు ఇది ఎక్కువగా ఉంటుంది. పొగ కనిపించని ఇంజను నుంచి కూడా ఎంతో కొంత వస్తూనే ఉంటుంది. అందుచేత పరీక్షించడానికైనా సరే, మూసిన గదిలో ఏ ఇంజనునూ నడపకూడదు. తల తిరిగినట్లనిపిస్తే వెంటనే ఆరుబయటికి రావాలి. కత్తి దగ్గర చెయ్యి పెట్టేముందు స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీయాలి. ఇది పెద్దల చేత చేయించండి.

ఆలోచించండి

1. ఒక యంత్రంలో నూనె రోజురోజుకీ తగ్గుతోంది. నేల మీద ఒక్క చుక్క కూడా కారలేదు. నూనె ఎటు పోతోంది?
2. ఫిల్టరు తీసేసి నడిపితే నల్ల పొగ తగ్గింది. అలాగే వాడుకుంటే ఇంజనుకు ఏమవుతుంది?