మొదటి దెయ్యాన్ని చూసి ఎంచాలి

మా స్నేహితురాలికి దెయ్యం సినిమా అంటే వణుకు. హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరో పందెం కాసి ‘ది ఎగ్జార్సిస్ట్’ చూపించారట. 1973 నాటి ఆ సినిమా గొప్పదే. కానీ ఈత రాని మనిషిని నేరుగా గోదావరిలోకి తోసినట్టయింది. ఆ రాత్రి పుట్టిన దడుపు పదిహేనేళ్లయినా వదల్లేదు. హారర్ అంటే ప్రాణం పెట్టే మనం చేసే తప్పు ఇదే. మనం దేనికి బాగా జడుసుకున్నామో దాన్నే ఎదుటివాళ్లకు ముందు చూపించాలనుకుంటాం.

‘ప్రేమకథా చిత్రమ్’ లాంటి నవ్వుల దెయ్యంతో మొదలుపెట్టమంటారు కొందరు. నేను ఒప్పుకోను. నవ్వెప్పుడొస్తుందా అని కాచుకునే అలవాటు పడితే భయం రుచి ఎప్పటికీ తెలియదు.

నా ఓటు 2022లో వచ్చిన ‘మసూద’కు. ఒంటరి తల్లి నీలం, కూతురు నాజియా, పొరుగున ఉండే గోపి. పిల్లకు ఏదో పట్టిందని తెలిశాక ఆ తల్లికి దిక్కయినవాడు గోపీయే. అతనేమో ఉత్త భయస్తుడు! తిరువీర్ ఆ భయాన్ని దాచకుండా నటించాడు. కాళ్లు వణుకుతూనే ఉంటాయి, అయినా పారిపోడు. చూసేవాళ్లకు తెరమీద తమలాంటివాడు ఒకడు తోడు దొరుకుతాడు. ఇది చూపిస్తే మా స్నేహితురాలు రెండుసార్లు ఆపించింది. లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది. ‘‘ఇంతకీ ఆ పిల్ల ఏమవుతుంది?’’ అంటూ మళ్లీ తనే పెట్టమంది. దెయ్యం మీది భయాన్ని పిల్ల మీది బెంగ దాటేసింది. నేను కోరుకున్నది అదే.

రేవతి ఇంట్లో రెండు రాత్రులు

అక్కడి నుంచి రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’కి వెళ్లొచ్చు. 1992 నాటిది. కొత్తగా దిగిన ఇల్లు, కారు కింద పడి చచ్చిన పిల్లి, మెల్లమెల్లగా మారిపోయే అమ్మాయిగా రేవతి. దెయ్యం కంటపడే క్షణాలకన్నా, ఇంట్లో ఇంకెవరో తిరుగుతున్నారన్న అనుమానమే ఎక్కువ పీడిస్తుంది.

సరిగ్గా ముప్పై ఏళ్లకు, 2022లో, మలయాళ ‘భూతకాలం’లో అదే రేవతి కుంగుబాటుతో నలిగే తల్లి. అద్దె ఇంట్లో అమ్మమ్మ పోయింది. మిగిలింది తల్లీకొడుకులే. అక్కడ ఉన్నది దెయ్యమా, మనసుకు పట్టిన జబ్బా అన్నది చాలాసేపు తేలదు. ఉలిక్కిపడేలా చేసే చప్పుళ్లు తక్కువ, దిగులు ఎక్కువ. నాకు ఈ మధ్యకాలంలో ఇంతగా గుచ్చుకున్న హారర్ లేదు. అయితే ఎవరింట్లోనైనా ఈమధ్యే పెద్దవాళ్లు పోయి ఉంటే మాత్రం వాళ్లకు ఇది ఇప్పుడే చూపించకండి.

ఏది చూపించినా ముందు అడగండి. రక్తం చూడగలరా? పసిపిల్లలకు కష్టం వస్తే తట్టుకోగలరా? మొదటిసారి మధ్యాహ్నం పూట, కిటికీలు తెరిచి, సౌండు కాస్త తగ్గించి పెట్టండి. వాళ్లు కళ్లు మూసుకుంటే నవ్వకండి. రిమోట్ వాళ్ల చేతికే ఇవ్వండి.