డుగ్... డుగ్... అసలు బుల్లెట్ ఎవరిది?

తిరుత్తణి: ఆదివారం తెల్లవారాక చెన్నై-తిరుపతి రోడ్డు పక్కన నిలబడితే చాలు. తిరువళ్లూరు వైపు నుంచి ముందు చప్పుడు వస్తుంది. ఆ వెనక బళ్లు వస్తాయి. నల్ల జాకెట్లు, మోకాళ్లకు కవచాలు, వెనక సైడు పెట్టెలు. పదో పదిహేనో బుల్లెట్లు వరసగా తిరుత్తణి దాటి నగరి కొండల వైపు సాగిపోతాయి. అదే రోడ్డు అంచున పాల క్యాన్లు కట్టుకున్న ఎక్సెల్ బండి ఒకటి వాటికి దారిచ్చి నెమ్మదిగా పోతుంటుంది. జాకెట్ల వాళ్లను చూసి జనం 'రైడర్లు' అంటారు. పాలాయన్ని ఎవరూ ఆ మాట అనరు. రోజూ బండి మీద బతికేది మాత్రం ఆయనే.

ఇంతకీ రైడరంటే ఎవరు? అసలైన బండి ఏది? బుల్లెట్ ప్రియులు ఇద్దరు ఒకచోట చేరితే చాలు, ఈ పంచాయితీ మొదలవుతుంది.

పుట్టింది అక్కడ... పెరిగింది ఇక్కడ

బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్. ఆ పేరు 1932 నుంచి ఉంది. మన సైన్యానికి బళ్లు కావాల్సి రావడంతో 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. 2018లో చెన్నైలో కలిపే దాకా ఆ ఊరు తిరువళ్లూరు జిల్లాలోదే. మొదట్లో విడిభాగాలు ఓడలో తెచ్చి బిగించేవారు. తర్వాత తయారీ అంతా ఇక్కడే. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. 1971 నాటికి అక్కడ కంపెనీయే లేకుండా పోయింది. కన్నతల్లి పోయినా పెంపుడు తల్లి దగ్గర పెరిగినట్టు బుల్లెట్ తిరువొత్తియూరులో బతికిపోయింది. మరి ఇది ఇంగ్లిషు బండా? మద్రాసు బండా?

ఆ ఫ్యాక్టరీ నుంచి బుల్లెట్టే కాదు, 1960ల్లో 'ఫాంటాబులస్' అనే స్కూటరూ వచ్చింది. తర్వాత 325 సీసీ డీజిల్ బుల్లెట్ 'టారస్' వచ్చింది. మైలేజీ చూసి రైతులు దాన్ని ఇష్టపడ్డారు. 'అసలు బుల్లెట్' గురించి వాదించేవాళ్లు వీటి ఊసెత్తరు.

కాలితో తంతేనే బుల్లెట్టా?

పాతకాపుల లెక్క వేరు. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండాలి. సెల్ఫు ఉండకూడదు. కిక్కు నెమ్మదిగా కిందికి నొక్కుతూ ఆంపియరు మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి. డీకంప్రెషర్ మీట పట్టి పిస్టన్‌ను కొంచెం దాటించాలి. అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. లెక్క తప్పితే బండే తిరిగి తంతుంది. ఈ విద్య రానివాడు బుల్లెట్ ఎక్కకూడదన్నది వాళ్ల తీర్పు. 2008, 2009 సంవత్సరాల్లో ఇంజను, గేరుపెట్టె కలిసిన కొత్త ఇంజన్లు వచ్చినప్పుడు 'బుల్లెట్ చచ్చిపోయింది' అన్నవాళ్లకు లెక్కలేదు. చావలేదు సరికదా, అమ్మకాలు పెరిగి 2013లో ఒరగడంలో, 2017లో వల్లం వడగాల్‌లో కొత్త ఫ్యాక్టరీలు కట్టాల్సి వచ్చింది.

సినిమా తొడిగిన జాకెట్టు

తోలు జాకెట్టంటే రౌడీ అన్న ముద్ర హాలీవుడ్ వేసింది. 1947లో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ అనే చిన్న ఊళ్లో బైకుల పండగ గొడవగా మారింది. దాని ఆధారంగా 1953లో 'ది వైల్డ్ వన్' సినిమా వచ్చింది. అందులో మార్లన్ బ్రాండో ట్రయంఫ్ బండి ఎక్కాడు. అంతే, జాకెట్టు వేషమైపోయింది. నిజానికి కిందపడితే చర్మం గీసుకుపోకుండా కాపాడేది అది. మన దగ్గర బుల్లెట్టంటే పోలీసు, లేదంటే మీసాల పెద్దమనిషి. ఆడవాళ్లకు వెనక సీటే. ఆ వెనక సీటుకూ ఓ హోదా ఉందని 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పాట ఊరూరా చాటింది. ముందు సీటు సంగతి మాత్రం ఇంకా తేలాల్సే ఉంది.

వేషాలతో పనిలేని చోటూ ఈ జిల్లాలోనే ఉండేది. షోళవరంలో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏళ్ల తరబడి రేసులు నడిపింది. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చాక ఆ సందడి అటు వెళ్లింది. అక్కడ 'నువ్వు అసలు రైడరువేనా' అని అడిగేవాడు లేడు. గడియారమే చెప్పేది.

సైలెన్సర్ మారిస్తే 'గెత్తు' వస్తుందా?

కుర్రాళ్ల దృష్టిలో గెత్తంతా చప్పుడులోనే. కొత్త బండి ఇంటికొచ్చిన వారానికే సైలెన్సర్ మారిపోతోంది. పాత బుల్లెట్ డుగ్‌డుగ్ పుట్టింది పొగగొట్టంలో కాదు, ఇంజనులో. 346 సీసీ, ఒక్కటే సిలిండర్, 90 మిల్లీమీటర్ల పొడవైన స్ట్రోకు, బరువైన ఫ్లైవీలు. రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది గనుక దెబ్బ దెబ్బకూ మధ్య చెవికి ఎడం తెలుస్తుంది. సైలెన్సర్ పీకేస్తే వచ్చేది ఆ డుగ్‌డుగ్ కాదు, ఉత్త మోత. ఆ మోత ఆస్పత్రి సందులోనూ ఒకటే, పసిబిడ్డ నిద్రపోయే ఇంటి ముందూ ఒకటే. శబ్ద పరిమితి మీరితే 2019 సవరణ చట్టం ప్రకారం రూ.10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. హెల్మెట్ లేకపోతే రూ.వెయ్యి జరిమానా, లైసెన్సు మీద మూడు నెలల వేటు. చట్టం బండి పేరు అడగదు. కిందపడ్డ తలకాయా బండి బ్రాండు చూసుకోదు.

రెండు మాటల మధ్య...

అసలుతనం పేచీ ఈ ఊరికి కొత్త కాదు. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో కలిసిన తిరుత్తణిలో, ఇంట్లో తెలుగు, బజార్లో అరవం. అటు వెళితే 'మీది తెలుగేనా' అంటారు. ఇటు వస్తే 'తెలుంగా' అంటారు. రెడిచ్‌లో పుట్టి తిరువొత్తియూరులో పెరిగిన బండి కష్టం ఇక్కడి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తెలుగులో బండి, తమిళంలో వండి. తేడా ఒక్క అక్షరం.

పొద్దెక్కేసరికి జాకెట్ల బళ్లు కనుమరుగవుతాయి. కొండ మీది సుబ్రహ్మణ్య స్వామి గుడి గంట మళ్లీ వినబడుతుంది. ఖాళీ క్యాన్లతో ఎక్సెల్ బండి తిరిగొస్తుంది. రేపు తెల్లారకముందే మళ్లీ బయల్దేరాలి. వానైనా సరే, ఎండైనా సరే.