యంత్రం రాసిన కోడు, మనిషి రాసిన లైసెన్సు

2011 జులైలో ఈమ్యాక్స్ ఎడిటర్‌లో ఒక పొరపాటు బయటపడింది. 23.2, 23.3 విడుదలలలోని కొన్ని ఫైళ్ళు యంత్రం పుట్టించినవి. వాటిని పంచారు గాని, వాటికి మూలమైన వ్యాకరణపు ఫైళ్ళను జతచేయడం మరిచారు. దానితో ఆ విడుదలలను ఇతరులకు పంచిన వారందరూ తెలియకుండానే జీపీఎల్ లైసెన్సును ఉల్లంఘించినట్లయింది. ఆ లైసెన్సు రాసిన రిచర్డ్ స్టాల్మన్ సొంత ప్రాజెక్టులో ఇలా జరగడం విశేషం. పుట్టిన ఫైలు కూడా ప్రోగ్రామే కదా అంటే చాలదు. మార్పులు చేయడానికి ఏ రూపం అనువైనదో అదే సోర్స్ అని జీపీఎల్ నిర్వచనం. వ్యాకరణాన్ని మార్చదలచినవారు దాని సూత్రాలనే దిద్దుతారు. వాటి నుంచి వచ్చిన అంకెల పట్టికలను కాదు.

కోడును పుట్టించే సాధనాలలో ప్రసిద్ధమైనది గ్నూ బైసన్. వ్యాకరణ సూత్రాలనిస్తే, ఆ వ్యాకరణానికి తగిన పార్సర్‌ను రాసిపెడుతుంది. సాధారణంగా సాధనపు లైసెన్సు దానితో చేసిన వస్తువుకు అంటదు. జీసీసీతో కంపైల్ చేసినంత మాత్రాన ఏ ప్రోగ్రామూ జీపీఎల్ కిందికి రాదు. బైసన్ సంగతి వేరు. అది రాసే ఫైలులో పార్సర్‌ను నడిపే భాగం బైసన్‌లోంచే ఉన్నదున్నట్టుగా వచ్చి చేరుతుంది. అందువల్ల 1.24 వెర్షన్‌కు ముందు బైసన్ పార్సర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనే వాడవలసి వచ్చేది. ఇది ఎవరో పనిగట్టుకుని పెట్టిన నియమం కాదు, కోడు మొత్తానికీ జీపీఎల్‌ను వర్తింపజేయడం వల్ల వచ్చిపడిన ఫలితం. తరువాత మినహాయింపు ఇచ్చారు. మొదట సీ భాషలోని ఒక రకం పార్సర్లకు, 2.2 వెర్షన్ నుంచి అన్నిటికీ. అలా ఇవ్వగలిగారంటే, ఆ కోడు ఎవరిదో స్పష్టంగా తెలుసు కనుకనే.

భాషా నమూనాలు రాసే కోడులో ఆ చిరునామా పోయింది. శిక్షణలో చూసిన ప్రోగ్రాముల భాగాలను అవి ఒక్కొక్కసారి దాదాపు యథాతథంగా అప్పగిస్తాయి. వాటి వెంట ఉండవలసిన కాపీరైట్ ప్రకటన మాత్రం రాదు. ఎంతో ఉదారమైన ఎంఐటీ లైసెన్సు సైతం కోరేది ఆ ప్రకటనను నిలిపి ఉంచమనే. గిట్‌హబ్ కోపైలట్‌పై 2022 నవంబరులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో పడిన దావాకు ఇదొక ముఖ్యమైన ఆధారం. బ్లడ్ బ్యాంకులో సంచి మీది చీటీ ఊడిపోతే, లోపలిది మేలైన రక్తమే కావచ్చు, అయినా ఎవరూ ఎక్కించరు. 2024లో జెంటూ ఇటువంటి కోడును నిషేధించడానికీ, నెట్‌బీఎస్‌డీ ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే చేర్చకూడదనడానికీ వెనక ఈ జాగ్రత్త ఉంది.

ఇంతకంటె లోతైన చిక్కు మరొకటి. జీపీఎల్ బలమంతా కాపీరైట్ నుంచి వచ్చిందే. అమెరికాలో రచయిత మనిషై ఉండాలి. ప్రాంప్టు ఇచ్చినంత మాత్రాన రచయిత కాజాలరని కాపీరైట్ కార్యాలయం 2025 జనవరి నివేదికలో తేల్చింది. అటువంటి కోడుకు జీపీఎల్ తగిలిస్తే, రేపు దాన్ని తీసుకుని మూసిపెట్టుకున్న కంపెనీని నిలదీసే హక్కు ఎవరికుంటుంది? భారతదేశపు చట్టం మరోలా ఉంది. 1994 సవరణ ప్రకారం, కంప్యూటర్ సృష్టించిన రచనకు, దాన్ని సృష్టింపజేసిన వ్యక్తే రచయిత. హైదరాబాదులోనూ డాలస్‌లోనూ కూర్చుని ఒకే ప్రాజెక్టుకు పనిచేసేవారి ఫైలుకు ఒకచోట రచయిత ఉన్నాడనీ, మరొకచోట లేడనీ వాదించవచ్చు.

మరి, ఈమ్యాక్స్‌లో వ్యాకరణపు ఫైళ్ళలాగా ప్రాంప్టును కూడా పంచాలా? బైసన్‌కు అదే వ్యాకరణమిస్తే అదే పార్సర్ వస్తుంది. నమూనాకు అదే ప్రాంప్టు మళ్ళీ ఇచ్చినా అదే కోడు రావాలని లేదు. పైగా ఆ తరువాత దిద్దుబాట్లన్నీ కోడులోనే జరుగుతాయి. కనుక జీపీఎల్ నిర్వచనం ప్రకారం ఇక్కడ సోర్స్ అనదగినది, సాధారణంగా, ఎవరిదో తేలని ఆ కోడే.