ముందు చిగుళ్లు చూడండి

గేటు తీసిన సందులోంచి కుక్క రోడ్డు మీదికి దూకింది. బైకు గుద్దింది. కుయ్యోమంటూ పడి, లేచి, కుంటుకుంటూ వచ్చి మంచం కింద దూరింది. పైకి గాయం లేదు. గండం గడిచిందనుకుని ఇంట్లోవాళ్లు గిన్నెలో పాలు పోస్తారు. నాకు భయం వేసేది ఆ గిన్నెను చూసే.

షాక్ అనగానే మనకు కరెంటు తీగ గుర్తొస్తుంది. పశువైద్యులు చెప్పే షాక్ వేరు. అవయవాలకు చాలినంత రక్తం, దాంతోపాటు ప్రాణవాయువు అందకపోవడమది. కడుపులో రక్తం కారినా, వాంతులూ విరేచనాలూ ఆగకపోయినా, తేనెటీగ విషం పడకపోయినా రావచ్చు. 10 కిలోల కుక్కకు ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా లీటరు కాదు. అందులో గ్లాసెడు లోపలే కారిపోతే బయటికి చుక్క కూడా కనిపించదు. పైగా గుండె వేగం పెంచుకుని, చర్మానికీ కాళ్లకూ వెళ్లే రక్తాన్ని తగ్గించి, శరీరం మెదడును కాపాడుకుంటుంది. అందుకే ఆ కుక్క లేచి నడిచింది. ఆ నడకను నమ్మకండి.

పై పెదవి ఎత్తి చూడండి. చిగురు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కితే తెల్లబడి, వదిలాక 2 సెకన్లలోపే మళ్లీ రంగు తేలాలి. పాలిపోయి ఉన్నా, రంగు రావడం ఆలస్యమైనా ఆగకుండా బయల్దేరాలి. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కకైతే కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి. మామూలు రోజుల్లో ఆ రంగెలా ఉంటుందో తెలిసినవాళ్లకే తేడా చప్పున తెలుస్తుంది. పాదాలు చల్లబడటం, తొడ లోపలి వైపు నాడి సన్నగా, వేగంగా కొట్టుకోవడం కూడా గుర్తులే. పిల్లి సంగతి వేరు. దానికి గుండె వేగం పెరగకపోగా మందగించవచ్చు. చల్లబడిన ఒంటితో మూల నక్కిందంటే అలిగిందనుకోకండి.

పాలు వద్దు, నీళ్లూ వద్దు. మింగలేని స్థితిలో అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, ఆగిందో లేదోనని మాటిమాటికీ తీసి చూడకండి. చెక్క పలక మీదో, బిగువుగా పట్టిన దుప్పటిలోనో పడుకోబెట్టి, పైన మరో దుప్పటి కప్పండి. వేడినీళ్ల సీసాలు పెట్టకండి. వడదెబ్బైతే కప్పకూడదు, మామూలు నీళ్లతో తడిపి గాలి తగలనివ్వాలి. నొప్పికని పారాసెటమాల్ వేయకండి. పిల్లి ప్రాణం తీయడానికి ఒక్క మాత్ర చాలు. మీ కుక్కే అయినా నొప్పిలో కరుస్తుంది, జాగ్రత్త. కానీ ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా కరుస్తుందని మూతి కట్టకండి.

దగ్గర్లో ఆస్పత్రి లేని ఊళ్లలో సంచార పశువైద్యానికి 1962 ఫోన్ నంబరు ఉంది. ఆస్పత్రి ఉంటే మాత్రం ఒకరు బండి తీస్తుండగానే ఇంకొకరు ఫోన్ చేయండి. దెబ్బ ఎప్పుడు తగిలింది, చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయి, ఎన్ని కిలోల కుక్క అన్నవి చెబితే, మీరు గుమ్మం ఎక్కేసరికి అక్కడ సెలైన్, ఆక్సిజన్ సిద్ధం చేసుకునే వీలుంటుంది.