ఉదయగిరికి రాని ధ్రువజ్యోతి

2024వ సంవత్సరము మే నెల 10వ తేది రాత్రి, లడఖ్ ప్రాంతమందలి హాన్లే గ్రామము కడ ఉత్తరాకాశము ఎఱ్ఱబారినది. సముద్రమట్టమునకు సుమారు 4,500 మీటర్ల యెత్తున నున్న అచటి వేధశాలలోని కెమెరాలు ఆ కాంతిని చిత్రించినవి. అది సంధ్యారాగము కాదు, కార్చిచ్చు కాదు. నార్వే, ఐస్లాండు దేశములవారికి చిరపరిచితమైన ధ్రువజ్యోతి. హాన్లే పరిసరములను రాత్రి చీకటిని కాపాడుటకై 2022లో ప్రత్యేకించిరి. కనుకనే అంతటి మందకాంతియు అచట మరుగుపడలేదు.

దేశపటమును ఒక్కమారు చూడుడు. హాన్లే దాదాపు 79వ రేఖాంశముపై నున్నది. నెల్లూరు జిల్లా పడమటి కొననున్న ఉదయగిరియు ఆ రేఖకు మిక్కిలి చేరువనే యున్నది. అనగా హాన్లే మనకు ఇంచుమించు తిన్నగా ఉత్తరమున, రమారమి 2,000 కిలోమీటర్ల దూరమున నున్నదన్నమాట. అట్లయిన ఆ రాత్రి ఉదయగిరి దుర్గముపై కెక్కి ఉత్తరముగా చూచినవారికి ఆ జ్యోతి కనబడవలదా? కనబడదు. ఏల కనబడదో, కనబడకున్నను ఆ తుపాను మనలనెట్లు తాకినదో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

సూర్యుని నుండి విద్యుదావేశము గల కణములు ఎల్లవేళల వెడలుచునే యుండును. 2024 మే నెలలో భూమికి 15 రెట్లు వెడల్పు గల మచ్చల గుంపొకటి సూర్యబింబముపై నేర్పడి, అందుండి కణసముదాయములు ఒకదాని వెంట నొకటి వెలువడినవి. భూమి ఒక పెద్ద అయస్కాంతము. ఆ కణముల నది తిన్నగా లోనికి రానీయదు. అయితే భూమి చుట్టునున్న అయస్కాంతక్షేత్రము ఆ తాకిడికి కలత చెంది, అందలి ఎలక్ట్రానులను బలరేఖల వెంబడి ధ్రువములవైపు త్రోయును. అవి వాయుమండలమున పడి ఆక్సిజను పరమాణువులను ఉత్తేజపరచినపుడు, నూరు కిలోమీటర్లకు పైన ఆకుపచ్చని కాంతియు, రెండువందల కిలోమీటర్లు దాటిన యెత్తున ఎఱ్ఱని కాంతియు పుట్టును.

ఈ కాంతి ధ్రువముపై ముద్దగా నుండదు. నీళ్ల బిందె మోయువారు తలపై నుంచుకొను చుట్టకుదురు వలె, అయస్కాంత ధ్రువము చుట్టును వలయమై యుండును. సామాన్యముగా అది 65, 70 అయస్కాంత అక్షాంశముల నడుమ నుండి, తుపాను ముదిరిన కొలది దక్షిణమునకు విస్తరించును. హాన్లే అయస్కాంత అక్షాంశము సుమారు 24 డిగ్రీలు. ఉదయగిరి, ఆత్మకూరులది సుమారు 6 డిగ్రీలు మాత్రమే.

ఇక రెండవ అడ్డంకి భూమి గుండ్రదనము. ఎఱ్ఱని కాంతి 400 కిలోమీటర్ల యెత్తున సరిగా హాన్లే నడినెత్తిన వెలిగినదనుకొందము. ఉదయగిరి నుండి చూచువారికది దిఙ్మండలముపై రెండు డిగ్రీల యెత్తున, అనగా చేయి చాచి పట్టిన బొటనవ్రేలి వెడల్పున మాత్రమే నిలుచును. ఆ కొలది యెత్తున దుమ్ము, మంచు, ఊళ్ల దీపకాంతులు దానిని మింగివేయును. 2024లోనైతే జ్యోతి హాన్లే నెత్తిన లేదు. అచటివారికే ఉత్తరపుటంచున కనబడినది. కావున మనకది భూమి వంపు చాటుననే ఉండిపోయినది. దుర్గపు శిఖరము 3,079 అడుగులైనను, ఈ లెక్కలో ఆ యెత్తు చాలదు.

ఇది ఎన్నడును జరుగని పని యనరాదు. 1872 ఫిబ్రవరి 4వ తేది రాత్రి బొంబాయి నుండి ధ్రువజ్యోతి కనబడినదని ఆనాటి పత్రికలు ప్రకటించినవి. కాని అంతటి తుపానులు బహు అరుదు.

జ్యోతి రాకున్నను తుపాను మాత్రము మన నెత్తిమీదుగనే పోయినది. మన ప్రాంతపు అయస్కాంతక్షేత్రబలము సుమారు 40,000 నానోటెస్లాలు. ఆ మే నెల తుపానులో భూమధ్యరేఖా ప్రాంతములందు అది దాదాపు 400, అనగా నూటికి ఒక వంతు, తగ్గినది. 1859 సెప్టెంబరులో బొంబాయి కొలాబా వేధశాలయందు 1,600 వరకు తగ్గుదల నమోదైనది.

రేడియో గలవారికి ఈ కలత చెవికే తెలియును. సూర్యునిపై జ్వాల యెగసినపుడు ఎక్స్ కిరణములు ఎనిమిది నిమిషములలో భూమిని చేరి, పగటివైపున అయనావరణపు అడుగుపొరను చిక్కబరచును. అపుడు షార్టువేవు ప్రసారములు కొన్ని నిమిషములు మొదలు గంటవరకు మూగవోవచ్చును. తుపాను రాత్రులందు దూరదేశపు కేంద్రములు హెచ్చుచు తగ్గుచు వినవచ్చును. అట్టి దినమున సెట్టు చెడినదని మరమ్మతునకు పంపుటకు ముందు సూర్యుని వార్త విచారించుట మేలు. ఆ వార్తను అందించుటకే 2023 సెప్టెంబరు 2న, నాడు కొత్తగా తిరుపతి జిల్లాలో చేరియున్న శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరినది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నుండి, అది సూర్యుని కణప్రవాహమును మనకంటె ముందుగ పరీక్షించును.

ధ్రువజ్యోతి లేదని మన ఆకాశమును చిన్నచూపు చూడరాదు. హాన్లేలో దిఙ్మండలము నంటియే పోవు అగస్త్య నక్షత్రము, ఫిబ్రవరి మాసపు రాత్రులందు మనకు దక్షిణమున 22 డిగ్రీల పైనెత్తున ప్రకాశించును. నార్వేవారికది ఎన్నడును కనబడదు. ఫిబ్రవరి, మార్చి నెలల వెన్నెల లేని సాయంకాలములందు, సంధ్య పూర్తిగ మాసిన పిమ్మట, పడమట గోపురాకారమున నిలుచు లేత వెలుగొకటి కలదు. గ్రహముల నడుమనున్న ధూళిపై సూర్యకాంతి పడుటచే నేర్పడు రాశిచక్రకాంతి యది. మన అక్షాంశమున అది నిటారుగ నిలుచుటచే ఉత్తరదేశములవారికంటె మనకే సులభముగ గోచరించును. ఉదయగిరిలో పడమటి కొండలు అడ్డమైనచో ఆత్మకూరు చేలగట్లపై నుండి చూడవచ్చును.

వీనికన్నిటికి కావలసినది చీకటి యొక్కటే. హాన్లే గ్రామస్థులు దీపములకు మూతలమర్చి వెలుగును నేలవైపు త్రిప్పుకొనిరి. వీధిదీపమునకు పైన రేకు మూత యుంచిన బాటకు వెలుగు తగ్గదు. ఆకాశమునకు చీకటి మిగులును. ధ్రువజ్యోతిని రప్పించుకొనుట మన చేతిలో లేదు గాని, ఈ చీకటిని నిలుపుకొనుట మాత్రము మన చేతిలోనే యున్నది.